మూడు నిద్రలు: గోదావరి నగరానికి విదేశీ అతిథి

(సర్ ఆర్థర్ కాటన్ జయంతి నాడు ఆత్రేయపురంలో చేసిన స్మారకోపన్యాసానికి అచ్చు పాఠం)



కాటన్ పేరు మీద ఉపన్యాసం అంటే గోదావరి జిల్లాల్లో వక్తకు ఒక చిక్కుంది. ఆయన గురించి ఇక్కడివాళ్లకు తెలియనిది చెప్పడం కష్టం. 1803 మే 15న పుట్టాడని, ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయిందని బడిపిల్లలు కూడా చెబుతారు. ఆయన విగ్రహం లేని ఊళ్లు ఈ డెల్టాలో తక్కువ. స్నాన సంకల్పంలో ఆయన పేరు చేర్చి చెప్పిన పురోహితులున్న నేల ఇది. అంతెందుకు, మన పూతరేకులకు భౌగోళిక గుర్తింపు కావాలని దరఖాస్తు పెట్టిన తయారీదారుల సంఘం కూడా ముందు ఆయన పేరు పెట్టుకుని, ఆ తర్వాతే ఊరి పేరు పెట్టుకుంది. 2023లో ఆ గుర్తింపు వచ్చింది.

అందుకని ఈ పూట ఆయన్ను పొగిడే పని పెట్టుకోను. ఆయన కట్టి ఇచ్చిన దానితో మనం ఇంకా ఏం చేసుకోవచ్చో మాట్లాడతాను. నిర్వాహకులు నాకిచ్చిన ప్రశ్న ఇది: ఒక పెద్ద నగరానికి విదేశీ పర్యాటకులు ఎక్కువగా రావాలంటే ఏం చెయ్యాలి? మనకు పెద్ద నగరం రాజమహేంద్రవరం, అదే మన రాజమండ్రి. బ్యారేజీ దాటితే ముప్పావు గంటలో ఉంటాం. అక్కడికి వచ్చే విదేశీయుడి గురించి ఆత్రేయపురంలో మాట్లాడడం ఏమిటని మీలో కొందరికి అనిపించి ఉండవచ్చు. నా వాదన అంతా అక్కడే ఉంది. ఆ నగరానికి విదేశీయుడు రావాలన్నా, వచ్చినవాడు నిలబడాలన్నా, దానికి ఆధారం నగరంలో కన్నా ఇటు వైపే ఎక్కువుంది.

జనం వేరు, రాత్రులు వేరు

పర్యాటకం అనగానే మనకు ముందు గుర్తొచ్చేది జనం. శనివారం వస్తే ఏడు వారాల మొక్కు ఉన్నవాళ్లతో వాడపల్లి దారి కిటకిటలాడుతుంది. పుష్కరాలు వస్తే రాజమండ్రి రేవులు చాలవు. ఆ భక్తులు మనవాళ్లు. వాళ్లకు కావలసింది స్నానం, దర్శనం, ప్రసాదం, తిరుగు బస్సు. ఆ నాలుగూ సరిగా అందిస్తే చాలు, మళ్లీ వస్తారు. విదేశీయుడి లెక్క అలా ఉండదు. అతను పదిహేను రోజుల సెలవు పెట్టుకుని, పదివేల కిలోమీటర్లు ఎగిరి వచ్చినవాడు. గోదావరి స్నానం మొక్కు అతనికి లేదు. ఇక్కడికి రాకపోతే అతనికి పోయేదీ లేదు.

2019లో భారతదేశం మొత్తానికి వచ్చిన విదేశీ పర్యాటకులు 1.09 కోట్లు. అదే ఏడాది థాయిలాండ్‌కు వచ్చినవాళ్లు దాదాపు 4 కోట్లు. గుళ్లు, నదులు, తిండి, పండుగలు, ఏ లెక్కన చూసినా మనం వాళ్లకు తక్కువ కాదు. అయినా అంత తేడా ఉందంటే, చూడవలసినవి లేక రావడం లేదనే మాట నిలవదు. మరో విగ్రహమో, మరో పార్కో, మరో లేజర్ షోనో కట్టినంత మాత్రాన ఆ తేడా పూడదు.

ఉత్త జనం వల్ల ఊరికి ఒరిగేది ఎంతో వెనిస్‌ను అడిగితే చెబుతుంది. పొద్దున్న దిగి, వంతెనల మీద ఫొటోలు దిగి, సాయంత్రానికి వెళ్లిపోయే జనంతో విసిగిపోయి, 2024 ఏప్రిల్ 25 నుంచి కొన్ని రోజుల్లో పగటి సందర్శకుల దగ్గర 5 యూరోల ప్రవేశ రుసుము వసూలు చెయ్యడం మొదలుపెట్టింది ఆ నగరం. అక్కడ రాత్రి బస చేసేవాళ్లకు ఆ రుసుము లేదు. వాళ్లు వేరే పన్ను కడతారు, రాత్రి భోజనం చేస్తారు, పొద్దున్న కాఫీ తాగుతారు, ఊళ్లో డబ్బు వదిలిపెడతారు. ప్రపంచంలో అందరికన్నా ముందు పర్యాటకం రుచి చూసిన నగరాల్లో ఒకటి, ఇన్నాళ్లకు మనిషి లెక్క మానేసి రాత్రి లెక్కలోకి వచ్చింది.

మనకు ఆ లెక్క కొత్త కాదు. క్షేత్రానికి వెళ్లి నిద్ర చేసి రావడం మన పాత ఆచారం. కొత్త అల్లుడికి మూడు నిద్రలన్నారు. మొదటి రాత్రి బెరుకు, రెండో రోజు ఊరు చూడడం, మూడో రోజుకు వంటింటి దాకా చనువు. నాలుగో రోజు వెళుతున్నవాణ్ణి మళ్లీ పండక్కి రమ్మనక్కర్లేదు, తనే వస్తాడు. విదేశీ అతిథి విషయంలో రాజమండ్రి పెట్టుకోవలసిన లక్ష్యం కూడా అంతే: మూడు నిద్రలు. ఈ మూడు రాత్రులకు సరిపడా పగళ్లు మనం ఇవ్వగలమా అన్నదే అసలు ప్రశ్న.

నిలిచినవాళ్లు ఎందుకు నిలిచారు

విదేశీయులు ఎక్కడ నిలిచారో చూడ్డానికి తెలుగునేల దాటి పోనక్కర్లేదు. పుట్టపర్తి ఒక మారుమూల పల్లె. సముద్రం లేదు, చల్లదనం లేదు. దశాబ్దాల పాటు దేశదేశాల నుంచి వచ్చినవాళ్లు అక్కడ నెలల తరబడి ఉన్నారు, సేవ చేశారు, కొందరు తెలుగు భజనలు నేర్చుకున్నారు. కూచిపూడి ఇంకా చిన్న ఊరు. అక్కడికి నాట్యం నేర్చుకోవడానికి విదేశీ విద్యార్థులు వచ్చి గురువుల దగ్గర ఉన్నారు. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర నిర్వహించినప్పుడు అమరావతి వీధుల్లో ఎన్ని దేశాల బౌద్ధులు తిరిగారో అప్పటివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ మూడు చోట్లా చూడదగ్గవి ఉన్నాయి, కాదనను. కానీ మనుషుల్ని నిలిపింది చూపు కాదు. సాధన, విద్య, దీక్ష. చేయడానికి ఏదో ఒకటి దొరికినవాడు ఉండిపోయాడు.

రాజమండ్రి గుర్తుపెట్టుకున్న విదేశీయులను తీసుకోండి. కాటన్ ఈ నది పక్కన ఎండదెబ్బకు ఆరోగ్యం పాడుచేసుకుని 1848లో సెలవు మీద వెళ్లి, కోలుకుని మళ్లీ ఇక్కడికే పనికి వచ్చాడు. ఆస్వాల్డ్ కూల్డ్రే ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా వచ్చి, దామెర్ల రామారావు చేతిలో కుంచెను, అడివి బాపిరాజు మనసులో బొమ్మను నిలబెట్టాడు. తిరిగి వెళ్లాక 1924లో ఇక్కడి రోజుల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం వేశాడు. వాళ్లు పర్యాటకులు కారు, ఉద్యోగులు. ఆ తేడా ఒప్పుకుంటూనే అంటున్నాను: పరాయివాడికి ఈ నది అర్థమైంది ఇక్కడేదో ఒక పనిలో చెయ్యి పెట్టినప్పుడే. ఇప్పటి అతిథికి మూడు రోజుల కొలతలో అలాంటి పని చూపించగలిగితే అతను నిలుస్తాడు.

నీళ్లు పనిచేసే దేశం

ఆ పని మన దగ్గర ఉంది. కనబడనంత దగ్గరగా ఉంది కాబట్టి మనకు అది వింతగా తోచదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. నాలుగు పాయల మీద నాలుగు కట్టడాలు, 175 గేట్లు. వాటి వెనక నిలిచిన నీరు మూడు ప్రధాన కాలువల్లో దిగి పది లక్షల ఎకరాలకు పైగా తడుపుతుంది. పక్కనే బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలువ బయల్దేరి, మన లొల్ల లాకుల దగ్గర చీలి, కోనసీమ అంతా పరుచుకుంటుంది. సముద్రం దాకా వాలే నేల మీద, పల్లాన్ని వేలితో కొలిచినట్టు కొలిచి, పంపు లేకుండా నీటిని నడిపించిన పని ఇది. అంతర్జాతీయ నీటిపారుదల సంఘం 2022లో ఈ కట్టడాన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల జాబితాలో చేర్చింది. ఆ కబురు ఇక్కడి బస్టాండులో ఎంతమందికి తెలుసు? విదేశీయుడికి చెప్పవలసిన మొదటి మాట అదే కదా.

ఇలాంటి దానితో ఒక పెద్ద నగరం ఏం చేసుకుందో చైనాలోని చెంగ్డు చూపించింది. ఆ నగరానికి దగ్గర్లో దుజియాంగ్యాన్ అనే చోట, క్రీస్తుపూర్వం 256 ప్రాంతంలో లీ బింగ్ అనే పాలకుడు నదిని ఆపకుండా చీల్చి చెంగ్డు మైదానానికి నీళ్లిచ్చే ఏర్పాటు చేశాడు. అది ఇప్పటికీ పనిచేస్తోంది. 2000లో యునెస్కో దానికి ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది. ఏటా వసంతంలో అక్కడ నీళ్లు వదిలే పండుగ జరుగుతుంది. ఆ నీటి ఏర్పాటు ఇప్పుడు చెంగ్డు పర్యాటకానికి ఒక మూలస్తంభం. మనకూ నీళ్లు వదిలే రోజుంది. వేసవిలో కాలువలు కట్టేసి, పూడిక తీసి, గట్లు బాగుచేసి, జూన్‌లో పసుపు కుంకుమలతో గోదారమ్మకు పూజ చేసి హెడ్ స్లూయిసు తలుపులెత్తుతారు. అధికారులు, నాయకులు, నాలుగు కెమెరాలు. తర్వాతి రోజు పత్రికలో చిన్న వార్త. ఏటా జరిగేదే, తేదీ కొంచెం ముందుగా ప్రకటించగలిగేదే. ఎండిన కాలువలో మొదటి నీరు నురగలు కక్కుకుంటూ రావడం, దాని వెంట గట్టు మీద పిల్లలు పరుగెత్తడం డబ్బు పెట్టి సృష్టించగలిగినవి కావు.

ఇక కాలువ మీద ప్రయాణం. కాటన్ దృష్టిలో ఇవి పొలాలకే కాదు, పడవలకు కూడా తవ్విన కాలువలు. ఈ దేశానికి రైలు కన్నా నీటిదారి మేలని బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా వాదించిన మనిషి ఆయన. అందుకే పడవలను ఒక నీటిమట్టం నుంచి మరో మట్టానికి దాటించే లాకులు కట్టారు. ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు, పెళ్లివారు, అందరూ వాటిలోనే వెళ్లేవారు. ఏలూరు మీదుగా కృష్ణ కాలువలకు, అక్కణ్నుంచి బకింగ్‌హాం కాలువలో మద్రాసుకు పడవలు నడిచిన రోజులున్నాయి. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా అదే దారిని 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ప్రకటన ఉంది, పడవ లేదు. లారీ వచ్చాక లాకు తలుపులు పడవ కోసం తెరుచుకోవడం ఆగిపోయింది.

ఇంగ్లండులోనూ ఇదే కథ నడిచింది. బొగ్గు, కుండలు మోసిన కాలువలు రైలు దెబ్బకు మూలపడ్డాయి. తర్వాత అక్కడి ఔత్సాహికులు పట్టుబట్టి వాటిని కాపాడుకున్నారు. ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు సన్నపాటి పడవ అద్దెకు తీసుకుని, లాకు తలుపులు తామే తోసుకుంటూ వారాల తరబడి తిరుగుతారు. లాకు తోయడమే అక్కడి సరదా. వేల్స్‌లో ఇంజనీరు టెల్ఫోర్డ్ 1805లో పూర్తిచేసిన కాలువ వంతెన మీద, కింద నది పారుతుంటే పైన పడవ నడుస్తుంది. దానికి 19 కమానులు. 2009లో ప్రపంచ వారసత్వమైంది. మన గన్నవరంలో వైనతేయ పాయ మీద ఇంజనీరు హేగ్ కట్టించిన పాత అక్విడెక్టుకు 49 కమానులు. దాని పక్కనుంచి బస్సులో వెళ్లేటప్పుడు మనలో ఎంతమందిమి తల తిప్పి చూస్తాం?

కేరళవాళ్లు వడ్లు మోసే కెట్టువళ్లాన్ని పడవ ఇల్లుగా మార్చి కుట్టనాడును ప్రపంచ పటంలో పెట్టారు. అందులో మంచి ఉంది, హెచ్చరిక కూడా ఉంది. పడవలు మితిమీరి, మురుగు, డీజిల్ వెంబనాడు సరస్సులో కలిసి, చేపలకూ చుట్టుపక్కల ఇళ్లకూ ఇబ్బంది అయింది. మన కాలువ సన్నం. అదే నీరు పొలానికీ పోతుంది, మంచినీళ్ల చెరువుకూ పోతుంది. అందుకని ఏసీ గదుల పడవలు వద్దు. నలుగురైదుగురు కూర్చునే, గడతోనో బ్యాటరీతోనో నడిచే పడవలు, బొబ్బర్లంక నుంచి లొల్ల దాకా, పగటి పూట, లెక్కపెట్టి. లాకు దగ్గర దిగి తలుపు తోసే అవకాశం. ఇటీవలి సంక్రాంతులకు ఇదే కాలువలో కాటన్ పేరుతో పడవ పందేలు జరిగినప్పుడు గట్టంతా జనం నిండారు. పండగంటే పందెం కోళ్లే కాదని మనమే చూపించుకున్నాం. ఆ మూడు రోజుల ఉత్సాహానికి మిగతా శీతాకాలమంతా పని కల్పించాలి. విదేశీయుడు వచ్చే కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. కాలువ నిండుగా ఉండే కాలం కూడా అదే.

అయితే ఒక షరతు. ఏ కాలువలో మనం చెత్త వేస్తున్నామో ఆ కాలువలో అతిథిని తిప్పలేం. డెల్టా అంతటా ఊరి చెత్త, ప్లాస్టిక్, కోళ్ల వ్యర్థాలు కాలువ పాలవుతున్న సంగతి ఈ సభలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇది పర్యాటక శాఖ తీర్చే సమస్య కాదు. పంచాయతీలు, మునిసిపాలిటీలు, మనం.

రేకు తీసే చేతులు

మొదటి పగలు నగరానిది, దాని సంగతి తర్వాత చెబుతాను. ఈ కాలువతో పాటు రెండో పగలు ఆత్రేయపురానిది. పూతరేకుల గురించి ఈ ఊళ్లో చెప్పడం సాహసమే. అయినా బయటివాడి కళ్లతో ఒక్కసారి చూడండి. బియ్యం నానబెట్టి రుబ్బి పలుచగా చేసిన పిండి. బోర్లించిన కుండ, దాని కింద కొబ్బరాకు మంట. పిండిలో ముంచిన గుడ్డను కుండ వీపు మీద ఒక్కసారి పరిచి లాగితే, రెప్పపాటులో కాగితం కన్నా పలుచని రేకు. ఎక్కువసేపు ఉంచితే మాడుతుంది, ముందు తీస్తే చిరుగుతుంది. ఏ కొలతా లేదు, చెయ్యే కొలత. ప్రపంచంలో ఎంత పెద్ద వంటగాడైనా ఆ కుండ ముందు మొదటి రోజు ఓడిపోతాడు.

ఇక్కడ మనం రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవాలి. ఒకటి, బస్సులు ఆగుతాయి, జనం దిగుతారు, చెమటలు కక్కుతూ రేకులు తీస్తున్న ఆడవాళ్ల ముఖాల మీద సెల్‌ఫోన్లు పెడతారు, రెండు పెట్టెలు కొని పోతారు. ఆ ఫొటోలకు రేకు తీసే మనిషికి పైసా రాదు, అడిగినవాడూ ఉండడు. రెండోది, ఆమెను గురువుగా కూర్చోబెట్టడం. ముందే చెప్పి వచ్చిన ఐదారుగురు, రెండు గంటల సేపు, గాలి ఆడే పాకలో, తామే కుండ ముందు కూర్చుని చేతులు కాల్చుకుని నేర్చుకుంటారు. రుసుము ఎంతో గోడ మీద రాసి ఉంటుంది, అందులో ఎక్కువ భాగం నేర్పిన మనిషికి చేరుతుంది. ఫొటో తీయాలంటే అడిగి తీస్తారు. ఇష్టం లేనివాళ్లు వద్దనవచ్చు.

రెండో దారి కష్టం. దానికి సమయం పట్టిక కావాలి, ఇంగ్లీషు ముక్కలు వచ్చిన ఊరి పిల్లలు కావాలి, తయారీదారుల మధ్య ఒప్పందం కావాలి. కానీ మొదటి దారిలో అతిథి అరగంట ఉంటాడు, రెండో దారిలో ఈ రాత్రి ఇక్కడెక్కడ పడుకోవచ్చని అడుగుతాడు. రేకు నేర్చుకున్నవాడు తన ఊరెళ్లి ఆత్రేయపురం పేరు పది మందికి చెబుతాడు. పెట్టె కొన్నవాడికి గుర్తుండేది తీపి ఒక్కటే.

మన చుట్టూ ఇలాంటి విద్యలు కొదవ లేదు. కడియం నర్సరీల్లో అంటు కట్టడం, నరసాపురం ఆడవాళ్ల లేసు అల్లిక, ఉప్పాడ మగ్గం మీద జాందానీ. వీటిలో దేన్నీ బొమ్మలకొలువు చెయ్యకండి. పని ఆపకుండా, పనివాళ్ల గౌరవం తగ్గకుండా అతిథి వచ్చి పక్కన కూర్చునే ఏర్పాటు చెయ్యండి.

నగరం చెయ్యవలసింది

మరి రాజమండ్రి ఏం చెయ్యాలి? మొదటి నిద్రా ఆఖరి నిద్రా దానివే. విదేశీయుడు హైదరాబాదులోనో, విశాఖలోనో దేశంలోకి దిగి, మధురపూడి విమానాశ్రయం మీదుగానో, రైల్లోనో వస్తాడు. ఇక్కడికి నేరుగా అంతర్జాతీయ విమానం లేదని బాధపడనక్కర్లేదు. దిగిన చోటు నుంచి గది దాకా మోసం లేకుండా చేర్చగలిగితే సగం పని అయినట్టే. నగరంలో మొదటి పగలుకు సరిపడా సంపద ఉంది: ఇరవయ్యెనిమిదేళ్లకే వెళ్లిపోయిన దామెర్ల రామారావు బొమ్మలు, రాళ్లబండి సుబ్బారావు పేరిట ఉన్న మ్యూజియం, వీరేశలింగం ఇల్లు, గౌతమీ గ్రంథాలయం, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం. ఇవన్నీ ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో గోడ మీదా ఇంటర్నెట్‌లోనూ ఒకేలా ఉండాలి. ప్రతి బొమ్మ కింద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ నాలుగు మంచి వాక్యాలుండాలి. వీటన్నిటినీ కలిపే నడక దారి గోదావరి గట్టు మీద నీడతో ఉండాలి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

1900లో మొదలై 1997 దాకా రైళ్లు మోసిన హేవ్‌లాక్ వంతెన నది మీద ఖాళీగా నిలబడి ఉంది. దాన్ని కూడా కలుపుకుని 2025 జూన్‌లో అఖండ గోదావరి పర్యాటక ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. దాదాపు 94 కోట్ల రూపాయల పని. మంచిదే. కానీ పాత వంతెన మీద సాయంత్రం నడవగలగడమే గొప్ప. దాని మీద దుకాణాలూ డీజేలూ రంగుదీపాలూ నింపితే, నది చూడ్డానికి వచ్చినవాడికి నది తప్ప అన్నీ కనిపిస్తాయి.

మూడో పగలుకు డెల్టా తూర్పు కొస ఉంది. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న యానాం, కోరంగి మడ అడవులు, దారిలో ద్రాక్షారామం. డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు బట్టల కోసం కొట్టుకున్న తీరం ఇది. యూరప్ నుంచి వచ్చినవాడికి తన తాతల కథ ఇక్కడ దొరుకుతుంది. ఆ కథ చెప్పగల గైడు మాత్రం కావాలి. మన కాలేజీల్లో చరిత్ర చదివి ఉద్యోగం లేక తిరుగుతున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి, లైసెన్సు ఇచ్చి, రోజు కూలి కాకుండా గౌరవమైన రుసుము కట్టిస్తే, ఈ పథకంలో అన్నిటికన్నా గట్టి పెట్టుబడి అదే.

నమ్మకం

2015 జులై 14న పుష్కరాల మొదటి రోజు తొక్కిసలాటలో పాతిక మందికి పైగా ప్రాణాలు పోయాయి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండలకు వెళుతున్న పడవ మునిగి నలభై మందికి పైగా చనిపోయారు. పర్యాటకం గురించి మాట్లాడుతూ వీటిని దాటేయడం మర్యాద కాదు. గోదావరి పడవ అని వెతికిన విదేశీయుడికి మొదట కనిపించేవి ఇవే. అందుకు జవాబు ప్రకటనల్లో దొరకదు. రేవులో దొరకాలి. లైఫ్ జాకెట్ వేసుకోనివాడు ఎక్కడానికి వీల్లేదనే సరంగు, ఉద్ధృతి పెరిగితే టిక్కెట్లు వాపసిచ్చే కౌంటరు, పరీక్ష తేదీ పడవ మీదే రాసి ఉండడం. ఇవి మనవాళ్ల కోసం చేస్తే చాలు, విదేశీయుడికి వేరే ఏర్పాటు అక్కర్లేదు.

చిన్న సంగతులే నమ్మకాన్ని నిలబెడతాయి. విదేశీయుడికి గది ఇచ్చినవాళ్లు 24 గంటల్లో ఆ సంగతి తెలిపే ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. ఆ తలనొప్పి ఎందుకని చిన్న లాడ్జీలవాళ్లు గది లేదనేస్తారు. ఆ ఫారం నింపడం మన ఊరి ఇంటర్ చదివిన పిల్ల పది నిమిషాల్లో నేర్చుకుంటుంది. ఇంటి బస పెట్టేవాళ్లకు పంచాయతీ ఆఫీసులో ఒక పూట నేర్పితే సరిపోతుంది. ధరల పట్టిక, శుభ్రమైన మరుగుదొడ్డి, కారం తగ్గించి వడ్డించే భోజనం, దోమతెర, రాత్రి జ్వరమొస్తే ఎక్కడికి వెళ్లాలో రాసిన కాగితం. వీటి లేమితో పోయిన అతిథిని ఏ పోస్టరూ వెనక్కి తేలేదు.

మనకు ఆతిథ్యం రాదా అంటారేమో. వచ్చు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఎవరు, ఏ కులం, ఏ ఊరు అని అడగకుండా వేళగాని వేళల్లో అన్నం పెట్టిన నేల ఇది. ఆ తల్లి గుణం మనలో ఉంది. కానీ డబ్బు తీసుకుని ఇచ్చే ఆతిథ్యానికి దానితో పాటు ఇంకో గుణం కావాలి. చెప్పిన మాట, చెప్పిన ధర, చెప్పిన వేళ. ప్రేమతో పెట్టడం మనకు పుట్టుకతో వచ్చింది. వేళకు పెట్టడం ఇంకా నేర్చుకోవాలి.

మొదటి విదేశీయుడు మన ఇంట్లోనే

ఈ విదేశీ అతిథులంతా ఎక్కడి నుంచి వస్తారు, ఎవరు మొదట వస్తారని అడగవచ్చు. జవాబు మీ ఇళ్లలోనే ఉంది. ఈ డెల్టాలో అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో, గల్ఫ్‌లోనో మనిషి లేని వీధి అరుదు. అమెరికాలో పుట్టిన మన మనవలు ఆ దేశపు పాస్‌పోర్టుతో వస్తారు, ప్రభుత్వ లెక్కలో వాళ్లు విదేశీయులే. బడి సెలవులకు జూన్, జులైలలో వస్తారు. వచ్చి ఏం చేస్తున్నారు? చుట్టాల ఇళ్లలో ఏసీ గదుల్లో ఫోన్లు చూసుకుంటూ, ఎప్పుడు వెళ్లిపోదామా అని తల్లిని అడుగుతున్నారు. జూన్‌లో కాలువకు నీళ్లు వదిలే రోజున వాళ్లను గట్టు మీద నిలబెట్టండి. లాకు తోయించండి. కుండ ముందు కూర్చోబెట్టి రేకు తీయించండి. మరుసటి ఏడాది ఆ పిల్లలే తమ క్లాసు స్నేహితుల్ని వెంటబెట్టుకొస్తారు. ఏ ఎయిర్‌లైన్సుకూ ఏ ప్రకటనల కంపెనీకీ కట్టనక్కర్లేని ప్రచారం అది.

ఇంతకీ ఈ పిల్లలకు నచ్చనిది పరాయి దేశపు మనిషికి నచ్చుతుందని మనం ఎలా అనుకుంటాం? మన పథకం పనిచేస్తుందో లేదో తేల్చే మొదటి పరీక్ష వాళ్లే.

2027 ముందు ఒక ప్రశ్న

2027 జూన్ చివర్లో పుష్కరాలు మొదలవుతాయి. కోట్లు ఖర్చవుతాయి. రేవులు కడతారు, రోడ్లు వేస్తారు. పన్నెండు రోజుల కోసం చేసే ఆ పనుల్లో ప్రతిదానికీ ఒక ప్రశ్న వేయమని నగర పెద్దల్నీ జిల్లా అధికారుల్నీ కోరుతున్నాను: పదమూడో రోజు నుంచి దీనివల్ల ఇక్కడ ఎవరు ఒక రాత్రి ఎక్కువ ఉంటారు? మరుగుదొడ్డి కడుతున్నారా, ఏడాదంతా తెరిచి ఉంచే మనిషి జీతం కూడా లెక్కలో పెట్టండి. రేవు కడుతున్నారా, పడవ ఆగే మెట్లు కూడా కట్టండి. జవాబు లేని పని ఆపమనడం లేదు. భక్తుల కోసం తప్పనిసరి పనులుంటాయి. కానీ రెండు పనుల్లో ఒకటి ఎంచుకోవలసి వచ్చినప్పుడు ఈ ప్రశ్న దారి చూపిస్తుంది.

ఈ ఊరికి నా కోరిక అంతకన్నా చిన్నది. ఈ శీతాకాలానికి ముందే పంచాయతీ, పూతరేకుల తయారీదారులు, నీటిపారుదల శాఖవారు, పడవలున్నవాళ్లు ఒక చోట కూర్చోండి. బొబ్బర్లంక నుంచి లొల్ల దాకా ఒక పడవ, రేకు నేర్పే ఒక పాక, విదేశీ అతిథి ఫారం నింపగల రెండు ఇళ్లు, ధరలు రాసిన ఒక బోర్డు. మొదటి ఏడాది ఇంతకు మించి వద్దు. పది మంది వచ్చి మూడు నిద్రలు చేసి వెళితే, రెండో ఏడాది ఏం పెంచాలో వాళ్లే చెబుతారు. కాటన్ కూడా డెల్టా అంతా ఒకేసారి తడపలేదు. ముందు నదికి అడ్డుకట్ట, తర్వాత పెద్ద కాలువ, ఆ తర్వాత పిల్ల కాలువలు, ఏళ్ల తరబడి ఆయన తర్వాతివాళ్లూ తవ్వుకుంటూ పోయారు. ఆయన పేరు మీద సభలు జరుపుకునే హక్కు మనకుంది. ఆయన తవ్వించిన కాలువలో మళ్లీ ఒక పడవ నడిపితే ఆ హక్కుకు బలం వస్తుంది.

 మీ ప్రశ్నలకు, ముఖ్యంగా నా మాట తప్పనుకునేవారి ప్రశ్నలకు, ఇక్కడే ఉంటాను.